గాలి భోజనాల తరగతి

హైదరాబాదులో సర్కారువారి పెద్ద జామియాలో, అంటే విశ్వవిద్యాలయంలో, నేను చదివిన చదువు పేరు మెహమాన్‌దారీ. వచ్చినవాడిని కూర్చోబెట్టడం, తినబెట్టడం, పడుకోబెట్టడం, కోపం రాకముందే సాగనంపడం. మా పాలమూరు పల్లెల్లో ఈ పని ఎవరూ నేర్పకుండానే జరిగిపోతుంది. కాకపోతే అక్కడ చదివినట్టు సనదు, పట్టా ఇవ్వరు. సర్కారు ఇస్తానంది. జిల్లాల్లో రోడ్ల వెంట అధికారులు దిగే బంగ్లాలు బోలెడున్నాయి, వాటిని చూసుకోవడానికి చదువుకున్న ముంతజిములు కావాలని పైన ఎవరికో తోచింది. ముంతజిమ్ అంటే బంగ్లా బాగోగులు చూసే ఉద్యోగి. కింద పనిచేసేవాళ్ళకు దొర, పైనుంచి వచ్చేవాళ్ళకు చెప్పులు విడిచే చోటు.

ఆ జామియా మేడ ఎంత పెద్దదంటే, కింది మెట్టు దగ్గర గడ్డం గీసుకుని ఎక్కడం మొదలుపెడితే పైమెట్టు చేరేసరికి మళ్ళీ మంగలిని వెతుక్కోవలసి వచ్చేది. కమానుల కింద ఏనుగు మీద ఏనుగు నిలబడినా పైదాని చెవికి గాలి తగిలేది. చదువంతా ఉర్దూలోనే. మేము త్రేన్పు వచ్చినా ఉర్దూలోనే ఆపుకునేవాళ్ళం. నేను పాదిరి బడిలో నాలుగు ముక్కలు నేర్చి, సర్కారు చదువుకిచ్చే వజీఫా మీద అక్కడికి చేరినవాణ్ణి. మా గూడెం నుంచి అంతదూరం పోయినవాళ్ళు నాకు ముందు ఎవరూ లేరు. నెత్తిమీద మూటతో పోయినవాళ్ళు ఉన్నారు గాని వాళ్ళు మూట దించి వెనక్కి వచ్చేశారు.

మా ఉస్తాదు ఒకప్పుడు ఏదో పెద్ద నవాబుగారి దేవిడీలో విందులు చూసుకున్న ముసలాయన. ఆయన తెల్లగడ్డం ఆయనకంటే ముందే గదిలోకి వచ్చేది. ఆయన నెమ్మదిగా వచ్చి కుర్చీలో సర్దుకునేదాకా అదే మా హాజరు తీసుకునేది. సలాముల్లోనే నలభైరెండు రకాలు నేర్పాడు. మోటారులో వచ్చినవాడికి ఒకటి, గుర్రం మీద వచ్చినవాడికి ఒకటి, గుర్రం మీద రావలసి ఉండి అది కుంటితే నడిచి వచ్చినవాడికి ఇంకొకటి.

అది లడాయి కాలం, ప్రపంచమంతా యుద్ధం. బియ్యం రేషను, చక్కెర రేషను, చాయపత్తా అయితే వాసనకు కూడా చీటీ కావాలి. విద్యార్థులు వడ్డించడం నేర్చుకోవడానికని అన్నం, కూర ఇవ్వడం సర్కారువల్ల కాలేదు. అందుకని మేము ఖాళీ పింగాణీలతోనే నేర్చుకున్నాం. ఖాళీ గిన్నెలోనుంచి ఖాళీ గరిటెతో తీసి ఖాళీ రకాబీలో వడ్డిస్తే, ఉస్తాదు ఆ గాలిని మెత్తగా నమిలి, కళ్ళు మూసుకుని, ఉప్పు తక్కువైందనేవాడు. అప్పుడు నడుము వంచి మాఫీ కోరి, ఖాళీ ఉప్పుగిన్నె తెచ్చి చల్లాలి. ఆయన మళ్ళీ నమిలి, ఇంకా తక్కువే అనేవాడు. చదివినంత కాలం ఆయన నోట ఉప్పు సరిపోయిందన్న మాట నేను వినలేదు. మేము వడ్డించిన గాలి అంతా ఒకచోట పోగుచేస్తే గోలకొండ గుట్ట దాని పక్కన చెదలపుట్టలా కనబడేది. ఒక పూట ఒకడు నవ్వాడు. ఉస్తాదు వాణ్ణి లేపి, నవ్వినందుకు కాదు, బిర్యానీ ఒలకబోసినందుకు బయటికి పంపాడు.

కొన్నాళ్ళకు ఏమైందంటే, హాస్టల్లో నిజమైన అన్నం పళ్ళెంలో పడ్డా నా చెయ్యి వెంటనే కదిలేది కాదు. కాసేపు దానివంక చూసేవాణ్ణి. ఆకలి ఎక్కడో పక్కగదిలో ఎవరికో అవుతున్నట్టు ఉండేది.

ఆ తరగతిలో అన్నింటికన్నా పెద్ద పాఠం ముఖానిది. విందు ఇచ్చే మేజ్‌బాన్ ముఖం కడిగిన రకాబీలా ఉండాలి అనేవాడు ఉస్తాదు. దానిమీద నిన్నటి కూర కనబడకూడదు, రేపటి కూరా కనబడకూడదు. దానికి సాధన ఉండేది. మేము వడ్డన గిన్నెలు పెట్టే తబకు పట్టుకుని వరసగా నిలబడితే ఆయన వచ్చి కాళ్ళమీద నీళ్ళు పోసేవాడు, తాతముత్తాతలను తిట్టేవాడు, మీ ఇల్లు కాలిపోయిందట అని చెవిలో చెప్పేవాడు. కనురెప్ప కదిలితే ఆ రోజుకు గుండుసున్న. నాకు మొదట్లో సున్నలు వచ్చాయి. ఎన్నంటే, దండ గుచ్చితే దర్వాజాకు తోరణం కట్టవచ్చు.

తర్వాత ఒక రోజు అట్లాగే నిలబడి ఉండగా జామియా చప్రాసీ వచ్చి, మా అమ్మ జ్వరంతో పోయిందని ఊరినుంచి కబురు వచ్చినట్టు చెప్పాడు. ఉస్తాదు నా ముఖం చూశాడు. చప్రాసీ కూడా చూశాడు. నేను తబకు పట్టుకునే ఉన్నాను. ఇది పాఠంలో భాగమే అనుకున్నానో, కాదని తెలిసీ అట్లాగే నిలబడ్డానో ఇప్పుడు చెప్పలేను. ముఖం కదలలేదు. లోపల కూడా ఏదీ కదిలినట్టు గుర్తు లేదు. ఉస్తాదు నాకు ఆ రోజు పూర్తి మార్కులు వేసి, తబకు తన చేత్తో తీసుకుని, ఊరికి పొమ్మన్నాడు.

నేను చేరేసరికి అమ్మను మట్టిచేసి వచ్చారు. బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా బాపును గురించి చెప్పాలంటే ఆయన నెత్తితో మొదలుపెట్టాలి. నడినెత్తిన అరచేయంత మేర వెంట్రుక మొలవదు. అది సర్కారువారు సామాను పెట్టుకునే జాగా. ఏ తాసీల్దారు ఊళ్ళ తనిఖీకి దౌరా వచ్చినా, ఏ దరోగా వేటకు వచ్చినా, వాళ్ళ పెట్టెలు, మంచాలు, బిందెలు, ఒకసారైతే ఒక ఇనుప స్నానపు తొట్టి, దానిలో కూర్చున్న అధికారిగారి కుక్కతో సహా, ఆ జాగా మీదనే ఊళ్ళు దాటాయి. దీన్ని వెట్టి అంటారు. కూలి ఉండదు. వంతు ఉంటుంది. వంతు వచ్చినరోజు సుంకరి, అంటే ఊరి చాకిరీ చెప్పే మనిషి, వచ్చి దర్వాజా మీద కర్రతో కొడతాడు. బాపు నోట్లో ఉన్న ముద్ద మింగి, చేతిలో ఉన్న ముద్ద పళ్ళెంలోనే వదిలేసి లేస్తాడు. రోడ్డు మీది కొత్తకోట బంగ్లాకు మా ఊరే దగ్గర. అందుకని ఆ బంగ్లాలో నీళ్ళు మోసేది, కట్టెలు కొట్టేది, పంకా లాగేది మా గూడెమే.

అమ్మను మట్టిచేసిన మర్నాడే సుంకరి వచ్చి కొట్టాడు. బంగ్లాలో ఎవరో దిగారట. బాపు లేచి, బరువు కింద పెట్టే చుట్టబట్ట తలకు పెట్టుకుని పోయాడు. ఏడుపు ఆపుకున్నట్టు కూడా లేడు. నేను ఆయన వదిలిన పళ్ళెం ముందు కాసేపు కూర్చుని, లేచి పోలీసు పటేలు దగ్గరికి పోయాను.

పటేలు అరుగు మీద పదిమంది ఉన్నారు. మా బాపును వెట్టినుంచి తప్పించమని అడిగాను. ఉర్దూ కలిపి కొంచెం ఎక్కువ మర్యాదగానే అడిగినట్టున్నాను. ఆయన నన్ను కింది నుంచి పైకి చూసి, ఏం చదువుతున్నావురా అన్నాడు. చెప్పాను. అన్నం పెట్టుడు గూడ చదువేనా అని ఆయన నవ్వితే, పదిమందీ నవ్వారు. తర్వాత ఆయనే అన్నాడు.

"సరే పో. నువ్వు పాసై సర్కారు నౌకరువైతే, నౌకరు ఇంటి ముంగట సుంకరోడు నిలబడడు. గింతమంది ముంగట చెప్తున్న. గది నా మాట."

పటేలు మాట గట్టిది. ఆయన చెడ్డమాటలు అన్నీ నిలబెట్టుకునేవాడని ఊరికి తెలుసు కనుక ఈ మంచిమాట కూడా నిలబడుతుందని నేను లెక్కవేశాను. అప్పటినుంచి నా మెహమాన్‌దారీకి ఒక్కటే అర్థం మిగిలింది. నేను పాసైతే మా దర్వాజా మీద కర్రదెబ్బ పడదు. నాపాసైతే పడుతుంది.

మా ఆఖరి పరీక్ష, ఇమ్తిహాను, ఎట్లాగంటే, ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క బంగ్లా అప్పజెబుతారు. ఉస్తాదు ఒక పగలు అక్కడ మెహమాన్‌గా దిగుతాడు. ఆయన ఏదైనా ఒకసారి పిలిస్తే రెండోసారి పిలవకముందే ఎదుట ఉండాలి. పగటి నిద్రలో పంకా ఆగకూడదు. ఈ రెండింటిలో ఏది తప్పినా నాపాస్. నాకు మా కొత్తకోట బంగ్లానే ఇచ్చారు. నీ ఇలాకా కదా, మనుషులు, సామాను సులభంగా దొరుకుతాయి అని ఉస్తాదు ఎంతో దయతో అన్నాడు.

దొరుకుతాయి. పటేలుకు ఒక్క మాట చెబితే కోళ్ళు, పాలు, కట్టెలు, మనుషులు నడుచుకుంటూ వస్తాయి. అందులో ముందు నడిచేది మా బాపు. బాపును వెట్టి తప్పించడానికి రాసే పరీక్షలో బాపునే వెట్టికి పిలవడం నాకు మింగుడుపడలేదు. పోనీ బాపును వదిలి పక్కింటాయన్ను పంపమందామా అంటే, ఆయన నన్ను చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని తిప్పినవాడు. అందుకని ఎవరినీ పంపవద్దు, నేను చూసుకుంటానని పటేలుకు చెప్పాను. హైదరాబాదు నుంచి జవానులను తెస్తున్నాననుకుని ఆయన నన్ను మొదటిసారి కొంచెం గౌరవంగా చూశాడు. బాపుకు కూడా ఆ రోజు ఇంట్లోనే ఉండమని చెప్పాను. సరే బిడ్డా అన్నాడు.

సంతలో కోడి కొనబోతే అమ్మే ముసలమ్మ నన్ను నమ్మలేదు. బంగ్లాకు కావాలన్నాను, అదే తప్పయింది. ఆమె కోడిని తీసి కొంగులో దాచుకుంది.

"బంగ్లకు కోడిని కొంటవా? పుట్టినకాంచి ఇనలే. ఏం మోసమున్నది బిడ్డా గిండ్ల?"

మోసం లేదని ఒట్టు పెట్టాను. పైసలు ముందే చేతిలో పెట్టాను. ఆమె వాటిని కొరికి చూసి, కోడిని ఇచ్చి, నేను కనుమరుగయ్యేదాకా నిలబడి చూసింది. నేను తిరిగి వచ్చి కోడితోపాటు ఆమెను కూడా తీసుకుపోతాననే అనుమానం ఆ చూపులో ఉంది.

బంగ్లా చౌకీదారు తాళపుచెవులు నా చేతిలో పెట్టి అత్తగారింటి పెళ్ళికి పోయాడు. వంటవాడు, నీళ్ళవాడు, కట్టెలవాడు, పంకావాడు, ముంతజిమ్ అందరూ నేనే. నడిమి గదిలో తలుపుకు ఒక మేకు ఉంది. ఆ మేకుకు నా శేర్వానీ, రూమీ టోపీ తగిలించాను. తలుపుకు ఇవతల గోచి, అవతల శేర్వానీ. తలుపు దాటిన ప్రతిసారీ నా కులమూ కొలువూ రెండూ మారేవి.

ఉస్తాదు బొగ్గుబస్సులో దిగాడు. అప్పట్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గు పొగతో నడిచేవి. హైదరాబాదులో తెల్లగా ఎక్కిన గడ్డం కొత్తకోటలో దిగేసరికి జాజికాయ రంగులో ఉంది. బస్సులో వచ్చిన పెద్దమనిషికి చేయవలసిన సలాము చేశాను. స్నానానికి వేడినీళ్ళు అన్నాడు. తలుపు దాటి, గోచి బిగించి, బావిలోనుంచి చేది, కాగు కింద మంట ఎగదోసి, తలుపు దాటి, శేర్వానీ వేసుకుని, నీళ్ళు సిద్ధం హుజూర్ అన్నాను. ఆ బావి లోతు పాతాళంలోవాళ్ళు మన బొక్కెనలోకి తొంగిచూసేంత. అయినా ఒక్కడినే చేదాను. అలసట తెలియలేదు. ఆ రోజంతా నాకు ఏదీ తెలియలేదు. ఎవడో ఒకడు ఉరుకుతుంటే దూరంనుంచి చూస్తున్నట్టు ఉంది.

ఒకసారి మాత్రం తొందరలో శేర్వానీ, టోపీ అన్నీ సక్రమంగా పెట్టుకుని, చేతిలో గొడ్డలితో ఆయన ఎదుటికి పోయాను. ఉస్తాదు గొడ్డలిని చూశాడు. నేను వంగి, మాంసం ముక్కలు చిన్నవి కావాలా, పెద్దవా హుజూర్ అని అడిగాను. చిన్నవి అన్నాడు, గొడ్డలివైపు ఇంకోసారి చూసి.

కోడికూర వండుతున్నప్పుడు చెయ్యి దానంతట అదే ఉప్పుకుండలోకి పోయింది. వేశాను. తక్కువైందేమో అనిపించింది. మళ్ళీ వేశాను. రుచి చూడాలన్న ఆలోచన రాలేదు. గాలి వండేవాళ్ళకు రుచి చూసే అలవాటు ఉండదు. ఉప్పు తక్కువైందన్న మాట మాత్రం చెవిలో గూడు కట్టుకుని పిల్లలు పెట్టింది. ఇంకొంచెం వేశాను.

నిజమైన గరిటెతో నిజమైన కూర వడ్డించడం నాకు అదే మొదలు. గరిటె బరువుగా ఉంది. ఉస్తాదు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేను ఉప్పుగిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఆయన మెత్తగా నమిలాడు, కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు.  ఉప్పు తక్కువని అనలేదు. మొదటి ముద్దనుంచి చివరి ముద్దదాకా ముఖం కడిగిన రకాబీలా ఉంచి, వేసినది వేసినట్టు తిన్నాడు. నాకు సంతోషం కలగవలసింది. కలగలేదు. ఉప్పుగిన్నె దించాను.

తర్వాత ఆయన పడుకున్నాడు. ఆ గదిలో పంకా అంటే దూలానికి వేలాడే వెడల్పాటి గుడ్డచట్రం. దానికి కట్టిన తాడు గోడలో కంత గుండా వరండాలోకి వస్తుంది. అక్కడ ఒక మనిషి కూర్చుని లాగుతూ ఉంటే లోపల గాలి. పాలమూరు ఎండాకాలపు మధ్యాహ్నం అది. బయట బండమీద కాకి వాలితే వేగిపోయి లేచేది. నేను వరండాలో కూర్చుని తాడు లాగడం మొదలుపెట్టాను.

కాసేపటికి నీళ్ళు అన్నాడు. తాడు వదిలి, శేర్వానీ వేసుకుని, గ్లాసుతో లోపలికి పోయాను. ఆయన గడగడ తాగేసరికి నేను మళ్ళీ వరండాలో ఉన్నాను. పంకా ఊపు తగ్గింది గాని ఆగలేదు. ఇంకా చెమట ఆరకముందే మళ్ళీ నీళ్ళు అన్నాడు. ఒక ముసలాయన అన్ని నీళ్ళు ఎందుకు తాగుతున్నాడో నాకు అర్థం కాలేదు. కూజా మంచం దగ్గర పెట్టేద్దామంటే, కూజా పెట్టి పోవడం మెహమాన్‌ను పొమ్మనడంతో సమానమని ఆయనే నేర్పాడు. మూడోసారి పిలిచినప్పుడు శేర్వానీ బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుని పోయాను. ఈసారి ఆయన తాగడం నిదానించింది. గుక్క తాగి, ఊపిరి తీసుకుని, ఇంకో గుక్క. నేను పైకి చూడకుండా పైకి చూశాను. పంకా నెమ్మదిస్తోంది. ఇంకో రెండు ఊపుల్లో ఆగుతుంది. మా దర్వాజా మీద కర్ర పడే చోటు, ఆ చెక్క సొట్టపోయిన చోటు నా కళ్ళకు కనబడింది. బాధ అనిపించలేదు. ఓహో, ఇంతే అనిపించింది.

పంకా ఆగలేదు. చిన్నగా ఒక గుంజు పడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అది తన మామూలు నడకలో ఊగడం మొదలుపెట్టింది.

ఉస్తాదు గ్లాసు దించి పంకాను చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వు ఇక్కడున్నావు. లాగుతున్నది ఎవరు?" అన్నాడు ఉర్దూలో.

 గోడ కంతలోనుంచి జవాబు వచ్చింది. అధికారుల సామానుతోపాటు వాళ్ళ భాషనూ ఇన్నేళ్ళు నెత్తిన మోసిన గొంతు అది.

"వెట్టోన్ని, సర్కార్."

అది మా బాపు గొంతు. తాడు లాగుడు ఆపకుండానే అన్నాడు. నా కనురెప్ప కదలలేదని నాకు తెలుసు, ఎందుకంటే ఉస్తాదు దాన్నే చూస్తున్నాడు. ఆయన తలగడ మీదికి ఒరిగి, పొద్దుటినుంచి తనకు ఒక అనుమానం ఉండిందన్నాడు. ఈ బంగ్లాలో ఊరి మనిషి ఒక్కడూ కనబడలేదు, ఈ కుర్రాడికి ఊరిమీద రోబూ దర్పమూ లేవు, ఒక్క వెట్టిమనిషిని కూడా రప్పించుకోలేనివాడు ముంతజిమ్ పని ఏం చేస్తాడు, నాపాస్ చేద్దామనుకున్నాడట. మనుషులను కనబడకుండా ఉంచి పని చేయించడం నీ హునర్, నీ నేర్పు అని ఇప్పుడు తెలిసింది అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు. పంకా ఆయన లేచేదాకా ఆగలేదు.

సాయంత్రం పోయేముందు ఉస్తాదు పంకా లాగినవాణ్ణి పిలిపించమన్నాడు. బాపు మెట్ల కింద వచ్చి నిలబడ్డాడు. తువ్వాల నడుముకు కట్టుకుని, తల వంచి. మిగిలిన అన్నం, కూర వాడికి పెట్టు, పనివాణ్ణి సంతోషపెట్టడం కూడా చదువులో భాగమే అన్నాడు ఉస్తాదు, తాడు ఒరిసిన నా చేతుల వంక చూస్తూ. నేను విస్తరిలో అన్నం పెట్టి, కూర వేసి, మెట్టు దిగి ఇచ్చాను. బాపు రెండు చేతులా అందుకున్నాడు. నా ముఖం చూడలేదు.

"సలాం దొరా," అన్నాడు.

బాపు మెట్ల పక్కనే కూర్చుని విస్తరి ఖాళీ చేశాడు. ఉస్తాదు పాస్ అన్నాడు. బస్సు వచ్చింది. ఆయనను సాగనంపే సలాములో నేను ఏ తప్పూ చేయలేదు.

బంగ్లా తాళం వేసి నేనూ బాపూ పొలాల వెంట ఊరికి బయలుదేరాం. శేర్వానీ మడిచి చంకలో పెట్టుకున్నాను.  మొదటి పొలం దాటాక నేనే అడిగాను.

"ఇంట్లనే ఉండుమన్న గద బాపు."

"ఉన్న. పొద్దెక్కేదాక ఉన్న. ఇంట్ల ఎవలున్నరని ఉండాలె?" అన్నాడు. కొంతదూరం నడిచాక ఆయనే మళ్ళీ అన్నాడు. "గా చింతకింద కూసోని చూసిన. ముంగటి దర్వాజల శేర్వాని, ఎన్కటి దర్వాజల గోచి. మీ అమ్మ ఉంటె నవ్వి నవ్వి కడుపు పట్టుకునేది."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. నవ్వవలసిన సంగతే అని ఇద్దరికీ తెలుసు.

"గట్లెందుకన్నవు, వెట్టోన్నని?"

"మరేమనాలె? ముంతజిమ్ సాబు బాపునంటె గా ముసలాయన లేచి నాకు పంకా లాగుతడా?"

చెలకలు దాటి ఊరి బాట ఎక్కాం. అప్పుడు బాపు ఆగి, చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టు ఆలోచించాడు.

"బిడ్డా, కూరల ఉప్పు జరంత ఎక్కువైంది."

"ఎంత?"

"నోట్ల పెట్టెటట్టు లేదు."

"మరి మొత్తం తిన్నవు గద."

"ఆయన తిన్నడు గద," అన్నాడు బాపు.

ఆ ముసలాయన ఎందుకు అన్ని నీళ్ళు తాగాడో నాకు అప్పుడు తెలిసింది. నా ఉప్పును ఆయన ముఖం కదలకుండా మింగాడు. ఆ నీళ్ళే అడగకపోతే పంకా ఆగే గండం వచ్చేది కాదు, వెట్టోన్ని అన్న మాటా వచ్చేది కాదు. అది రాకపోతే నేను నాపాస్. లెక్క వేస్తే నన్ను పాస్ చేసింది ఉప్పు.

కొద్దిరోజులకు ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది. నల్లగొండ జిల్లాలో, హుజూర్‌నగర్ వైపు రోడ్డు మీది బంగ్లా. నేను పోవలసిన రోజు పొద్దున బాపుకు వండి పెట్టాను. బాపు తింటున్నాడు. బయట సుంకరి చెప్పుల చప్పుడు వినబడింది. కొత్తకోటలో మళ్ళీ ఎవరో దిగి ఉంటారు. బాపు నోట్లో ముద్ద మింగి, చేతిలో ముద్ద పళ్ళెంలో వదిలి, లేచి, గూట్లో ఉన్న చుట్టబట్ట తీసి తలకు పెట్టుకున్నాడు. ఇదంతా చప్పుడు దర్వాజా దగ్గరికి రాకముందే జరిగింది.

సుంకరి వచ్చి, అలవాటుకొద్దీ కర్ర ఎత్తి, ఎత్తిన కర్రను అట్లాగే ఆపాడు.

"నీ ఇంటికి లేదే. పటేలు చెప్పిండు. నువ్వు తిను," అన్నాడు.

పటేలు మాట నిలబెట్టుకున్నాడు. సుంకరి నాలుగడుగులు వేసి పక్కింటి దర్వాజా మీద కొట్టాడు. మా దర్వాజా ఎన్నడూ అంత గట్టిగా మోగినట్టు నాకు గుర్తు లేదు. పక్కింటాయన మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఆయనకు వంతు రావలసిన రోజు కాదు కనుక ఏదీ సిద్ధంగా లేదు. తలకు పెట్టుకోవడానికి బట్టకోసం అటూ ఇటూ చూశాడు. మా బాపు తన తలమీది చుట్టబట్ట తీసి ఆయనకు ఇచ్చాడు. ఆయన దాన్ని నెత్తిన సర్దుకుని సుంకరి వెనక పోయాడు. పోతూ పోతూ నన్ను చూసి, పోతున్నవా బిడ్డా, మంచిగ పోయిరా అన్నాడు.

బాపు వచ్చి పళ్ళెం ముందు కూర్చున్నాడు. వదిలిన ముద్ద అట్లాగే ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు. అంతకుముందు ఎప్పుడూ వదిలిన ముద్దను మళ్ళీ తినే అవసరం ఆయనకు రాలేదు. తర్వాత చెయ్యి చాపి తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను పక్కన కూర్చుని ఇంకొంచెం కూర వేశాను.

ఉప్పు ఎట్లా ఉందని అడిగాను. బాపు నములుతూనే ఉన్నాడు. ఆయన ముఖంలో ఏదీ కదలలేదు.